ఐపీ కాగితం

చిత్తూరులో ఐపీ పెడితే
అదే ఇంటిపేరు.
ఐపీ వళ్లెమ్మ.
ఎవురో ఒకరు పెట్టేలోపల
నేనే పోయి పెట్టుకుందామని
సోమవారం పొద్దున్నే కోర్టు కాడికి పోయినాను.

పద్మనాభం వకీలు ఫీజు చెప్పినాడు.
దానికి మళ్లీ అప్పు చేయాల.
"అట్లయితే సామీ, మీ పేరు గూడా
అప్పులోళ్ల లిస్టులో రాయాల గదా?"
ఆయన నవ్వినాడు.
నేను నిజంగానే అడిగినాను.

క్యాంటీను గోడ పక్కన
టైపుమిషను ముందర మస్తానమ్మ.
"వకీలు లేకుండా పెట్టొచ్చు.
చట్టం ఒప్పుకుంటాది, గుమాస్తాలే ఒప్పుకోరు.
చెప్పు, షెడ్యూలు ఎ."

బియ్యం మండీ గుణశేఖరం, లక్షా నలభై వేలు.
గ్యాసు సిలిండర్లాయన.
ఫైనాన్సోళ్లు. బండి తీసకపోయినారు,
అప్పు మాత్రం నా దగ్గరే విడిచిపెట్టినారు.
వారంవడ్డీ దొరస్వామి:
అసలెంతో ఆయనకే గుర్తు లేదు,
వడ్డీ ఎంతో నా నిద్రకు తెలుసు.
ఇట్లా ఏడుగురు.

షెడ్యూలు బి, ఆస్తులు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
అరవై మంది కూలీలకు రెండు సీజన్లు బువ్వ పెట్టినాను.
కాంట్రాక్టరు ఇయ్యాల్సింది మూడు లక్షల పదివేలు.
రావాల్సిన బాకీ ఆస్తి కిందికే వస్తాదంట.
చూసినావా, నేను లక్షాధికారిని!
వాడి ఫోను నెంబరే పనిచెయ్యదు.

"కట్టుకునే బట్టలు, పడక, తాళి,
వంటపాత్రలు. ఇవి ఎవురూ ముట్టరు" అనింది.
మరి అరవై మందికి వండే డేగిసా?
నేనూ నా బిడ్డా ఇప్పుడు
దాని అడుగున చారెడు బియ్యం ఉడికించుకుంటా ఉండాము.
అది వంటపాత్రా, వ్యాపారమా?
మస్తానమ్మ మీటల మీద వేళ్లుంచి
రవంతసేపు నా మొహం చూసింది.
"వంటపాత్ర, ఒకటి" అని కొట్టింది.
ఎంత పెద్దదో కొట్టలేదు.

కొండమీదాయన పెండ్లి అప్పు సంగతి
నాకెవురూ చెప్పొద్దు.
ఆయన వడ్డీ ఊరంతా కడతాది.

"ఇంకెవురైనా ఉండారా?"

కుప్పమ్మ ఉంది.
ఫ్యాక్టరీ గేటు మూసినాక గూడా
పదకొండు నెలలు పాలు పోసింది.
ఒక్కనాడూ అడగలా.
నోటు లేదు, సాక్షి లేదు,
వంటింటి గోడమీద బొగ్గుగీతలు,
అయిదుకొక అడ్డగీత.

రాస్తే ఆమెకు నోటీసు పోతాది.
పోస్టుమ్యాను వేలిముద్ర ఏపిచ్చుకుంటాడు.
కోర్టు ముద్ర చూసి
తన ఆవును జప్తు చేస్తారేమో అనుకుంటాది.
రేపు జడ్జి అప్పులన్నీ కొట్టేస్తే
ఆ పాలు పోసినట్టు గాదు,
మేము తాగినట్టూ గాదు.

రాయకుంటే దాచినట్టు.
దాస్తే తప్పు.
వకీలుండింటే ఈ ముక్కే చెప్పుండును.

"అంతేనా?"
"అంతే."

పైన రాసిందంతా నిజమని
కింద సంతకం పెట్టేటప్పుడు
చెయ్యి వణికింది.
లక్షలకు గాదు.

మధ్యానం కాగితాలు వాపసొచ్చినాయి.
పేజీలకు నెంబర్లు లేవు, నోటీసు కవర్లు లేవు.
గురువారం రా.

బస్సెక్కకుండా నడిచొచ్చి
మిగిలిన ముప్పై రూపాయలు
కుప్పమ్మ చేతిలో పెట్టినాను.
"దేనికిమే?"
"ఏం లే, పెట్టుకో."

ఇంట్లో తడిగుడ్డ తీసుకుని
ఒక గీత మీద రుద్దినాను.
సరిగ్గా పోలా. మచ్చ మిగిలింది.
బిడ్డ పాఠాలు చదువుకుంటా ఉంది.

గురువారానికి కవర్లు కొనాల.
ఏడు.
ఎనిమిది గాదు.