నారింజాకుల శనివారం

చెక్కపలక నా ఒళ్లో పెట్టి
అమ్మ ఏమీ అనలేదు.
కత్తికి మాత్రం నూనె రాసి తుడిచింది.

గలీమా ఊమా,
ఈ ఏడు నీ వేళ్లు వంగవు,
అల్లం కొమ్ముల్లా ముడుచుకుపోయాయి.
మీలాదు ముందు శనివారం
మసీదులో ఆడవాళ్లు నారింజాకులు తరిగేటప్పుడు
కిటికీ పక్కన మూడో చోటు
మన ఇంటిది. ఖాళీగా ఉండకూడదట.

నేను వెళ్లననుకున్నాను.
అలా అనుకోవడం నాకు తేలిగ్గా రాలేదు.
రెండేళ్లు, బుధవారం రాత్రులు,
కాలేజీ వెనక గదిలో
అరబ్బీ వాక్యాల ముళ్లు విప్పుకుంటూ వెతికాను.
తన పుట్టినరోజుకి ఆకులు తరగమని
ప్రవక్త ఎక్కడా అనలేదు.
నాకు దొరికిన విశ్వాసం
సున్నం కొట్టిన గోడ.
దాని ముందు నిలబడితే
నా ఊపిరి నాకు వినిపించేది.

ఇంట్లో ఎవరైనా పోట్లాడితే బాగుండేది.
మొహ్సీన్ మామ నవ్వాడు:
"మన ఫల్డీలాకి మక్కా నుంచి ఫోనొచ్చింది."
చెల్లి తస్రీకా, గోళ్లు ఆరబెట్టుకుంటూ,
"ఆకులే కదక్కా" అంది.
ఆకులే అయితే
నేను లేకపోతే ఏం?

అమ్మ అప్పుడు చెప్పింది,
కోసిస్టర్లు పాకంలో ముంచుతూ
నా వైపు చూడకుండా.
తెల్లవాళ్ల ప్రభుత్వం డిస్ట్రిక్ట్ సిక్స్ ఖాళీ చేయించిన ఏడు,
కొత్త ఫ్లాటు గుమ్మంలో పట్టని మంచాన్ని
నువ్వు వీధిలోనే వదిలేశావట.
లారీలో ఈ పలకని
చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావట.
వీధులు పోయాయి, పేర్లు పోయాయి.
ముసలి నోట్లో ఆఖరి పన్నులా
మసీదు ఒక్కటే మిగిలింది.
ఆ మీలాదుకి రెండు బస్సులు మారి వెళ్లావు.
నలుగురే ఆడవాళ్లు.
అయినా తరిగారు.

బాధ రుజువు కాదమ్మా,
అనబోయాను.
పాకం చుక్క ఆమె మణికట్టు మీద పడింది.
చల్లనీళ్ల కోసం లేచాను.
తిరిగొచ్చేసరికి ఆ మాట
నా నోట్లోనే చల్లారిపోయింది.

వెళ్లాను.
ఆగ్నేయపు గాలి స్కార్ఫుని మొహాన కొడుతోంది.
కొండ మీద మబ్బు
గిన్నె అంచు దాటిన పాలలా పొంగుతోంది.
లోపల కత్తుల టకటక, దరూదు, మధ్యమధ్యలో
ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో ఆ కబురు.
నేను పాడలేదు.
పెదాలు బిగించి కూర్చున్నాను.
చేతులకి మాత్రం ఎవరు చెప్పారో,
వెంట్రుకంత సన్నగా,
ఈనె దగ్గర కొంచెం వాల్చి,
నీ తరుగే తరిగాయి.

మైమూనా ఆంటీ నా మొహం చూడలేదు.
కుప్పని చూసింది.
"గలీమా వచ్చిందన్నమాట."
నాలో ఏదో పొంగింది.
అది భక్తి కాదని నాకు తెలుసు,
కానీ దానికి పేరు దొరకలేదు.

గులాబీ అత్తరు చల్లారు. సాంబ్రాణి పొగ పట్టారు.
రంగు కాగితాల్లో పొట్లాలు కట్టారు.
నేను ఒక్క పొట్లమూ తెచ్చుకోలేదు.
అంతవరకే నా పట్టుదల.

రాత్రి వజూకి ముందు
సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను.
సజ్దాలో నేలకానిన రెండు చేతులు,
వాటి మధ్య నుదురు,
నారింజ వాసన.
దేవుడా, నిన్ను ఒంటరిగా కలుద్దామని వచ్చాను.
వీళ్లంతా నా వెంట వచ్చేశారు.
తరిమేదాన్నే,
ఎవరో ఒకావిడ
మంచం వదిలేసి వచ్చింది.

నీ గదిలో ఇంకా దీపం ఉంది.
నా అరచేయి లాక్కుని
ముక్కు దగ్గర పెట్టుకున్నావు. చాలాసేపు.
కన్నీళ్లు వస్తాయేమోనని భయపడ్డాను.
"ముదురాకులు" అన్నావు, మొహం చిట్లించి.
"లేతవన్నీ ఎవరు కొట్టేశారు?"

వచ్చే ఏటికి నేను మాటివ్వలేదు.
నువ్వూ అడగలేదు.
కడిగిన పలక
గోడకి ఆనుకుని ఆరుతోంది,
మధ్యలో కత్తి తిన్న పల్లంలో
ఇంకా కొంచెం తడి.