పన్నెండు దాటితే ఒక్క పల్సే

పన్నెండు కొట్టేదాకా ఆగాలి.
ఆ తర్వాత తెల్లారేదాకా లైను వాడినా
బిల్లులో పడేది ఒక్క పల్సే.
మా ఉబా ఊరే కాదు,
బ్రెజిల్ బ్రెజిలంతా
ఆ ఒక్క పల్సు కోసం కళ్ళు నులుముకుంటూ కూర్చునేది.

మాది బీరువాలు చేసే ఊరు.
కీబోర్డు బోర్లిస్తే
చిటికెడు రంపప్పొట్టు రాలేది.
అన్న ఎవాండ్రో దాన్ని ఊది
గడియారం వంక చూసి
"ఇంకా నాలుగు నిమిషాలు" అనేవాడు, గుసగుసగా,
దొంగతనానికి బయల్దేరినట్టు.

మోడెం గొంతెత్తగానే
నానమ్మ దోన జుల్మీరా దిండు పట్టుకొచ్చి
దాని నోరు నొక్కేది.
గీపెట్టి, గురగురలాడి,
ఎవరితోనో బేరం తెగక కీచులాడి,
చివరికి దిండు కింద దానంతటదే ఊరుకునేది.
"పోయిందా?" అనేది నానమ్మ.
"లేదు నానమ్మా, కలిసింది."

నెట్‌స్కేప్ కిటికీ మూలన
అరచేతిలో సగం కూడా లేని రాత్రి,
అందులో ఒక పెద్ద అక్షరం,
దాని మీదుగా రాలే ఉల్కలు.
అవి రాలుతున్నంతసేపూ
ఏదో ఒకటి వస్తున్నట్టే.
ఆగిపోతే మాత్రం
ఇంట్లో ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్ళం.

ఒక రాత్రి నేను సముద్రం అడిగాను.
మా మీనాస్ రాష్ట్రానికి సముద్రం లేదు.
కొండ దిగితే ఇంకో కొండే.
బొమ్మ పైనుంచి దిగడం మొదలెట్టింది,
ఒక్కో గీత, ఒక్కో గీత,
నేత మగ్గం మీంచి దిగినట్టు.
ముందు ఆకాశం.
ఇంకా ఆకాశం.
ఒక పక్షి తల. చాలాసేపటికి దాని కాళ్ళు.
నానమ్మ పాలు కాచి తెచ్చింది, తాగాం,
గ్లాసులు కడిగింది,
ఇంకా ఆకాశమే.
"ఇంత ఆకాశం మన పెరట్లోనూ ఉంది కదే" అంది.
"కింద ఉంది నానమ్మా సముద్రం, వస్తోంది."
నీలం కాస్త ముదిరిందో లేదో
లైను తెగింది.

సముద్రాన్ని తర్వాత చూశాను, ఇరవై మూడేళ్ళప్పుడు.
మొత్తం ఒక్కసారే వచ్చేసింది.
ఎక్కణ్ణుంచి చూడడం మొదలెట్టాలో తెలియలేదు.

నాన్న సంగతి చెప్పాలి.
మా ఊరి బీరువాలు లారీకెత్తుకుని
బయీయా దాకా తోలుకెళ్ళేవాడు లోరివాల్, మా నాన్న.
పెట్రోలు బంకు పక్కన
గుడ్డు పెంకులాంటి డొప్పలో తల దూర్చి
ఇంటికి ఫోను చేస్తే ప్రతి రాత్రీ
టూ... టూ... టూ...
తిరిగొచ్చాక తిడతాడని
నేనూ అన్నా వంటింట్లో నక్కాం.
తిట్టలేదు.
చెప్పులు విప్పుకుంటూ నానమ్మతో అన్నాడు:
"ఆ టూటూ వినపడితే చాలమ్మా.
ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు, మెలకువగా ఉన్నారు,
కరెంటుంది, బిల్లు కట్టేశాం.
ఇంకేం అడగను?
పైగా కార్డులో ఒక్క యూనిట్టూ తెగదు."

అప్పట్నుంచి మాకూ ఒక అలవాటు.
రాత్రి ఒంటిగంటకి, ఏ పేజీలో ఉన్నా,
అన్న చెయ్యి మౌసు మీద ఆగేది.
"ఇప్పుడు చేస్తుంటాడు" అనేవాడు.
ఫోను మోగేది కాదు.
మోగకపోవడాన్ని ముగ్గురం వినేవాళ్ళం.

రెండువేల నాలుగులో కొత్త లైను వేశారు.
నెట్టు నెట్టే, ఫోను ఫోనే.
దిండు మళ్ళీ మంచం మీదికి వెళ్ళింది.
ఆ వారమే, రాత్రి ఒంటిగంటకి
ఇల్లదిరేలా మోగింది ఫోను.
నేనే ఎత్తాను.
అటు లారీల రొద. గాలి.
యూనిట్లు ఒక్కొక్కటీ రాలుతున్న చప్పుడు.
"ఎత్తావా" అన్నాడు నాన్న,
తలుపు తట్టకుండా లోపలికి వచ్చినవాడిలా.
"ఆఁ."
"ఏం లేదమ్మా. ఊరికే..."
ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు.
కార్డు అయిపోయింది.

టూ... టూ... టూ...
చెవికి ఆనించుకుని
కాసేపు అలాగే నిలబడ్డాను.