సున్నాల మనిషి

హాల్వర్సన్ గారూ,
ఎడమవైపు గోడ వెనక, ఇరుకు చీకట్లో
స్కోరుబోర్డుకి అంకెల రేకులు తగిలించేవాణ్ణి నేను.
ముప్ఫై ఒక్క వేసవులుగా
మీ ఆటను చదరపు కన్నంలోంచి చూస్తున్నాను.

సున్నాలు అయిపోయాయండీ.
మొన్న మంగళవారం పదకొండో ఇన్నింగ్స్‌లో
తడుముకుంటే చేతికి ఒక్కటీ తగల్లేదు.
ఆరును తలకిందులు చేస్తే తొమ్మిదవుతుంది గానీ
ఏ అంకెను ఎటు తిప్పినా సున్నా కాదు.
చివరికి పెయింటు డబ్బా మూత వేలాడదీశాను.
తేడా ఎవరూ కనిపెట్టలేదు.
కనిపెట్టేంతమంది రాలేదు కూడా.

అందుకే మీ సెలవురోజున
సరస్సు అంచునే రెండు గంటలు బండి నడుపుకుంటూ
అష్టబులా వెళ్ళాను, మన చిన్న జట్టు ఆట చూడ్డానికి.
టికెట్టు తొమ్మిది డాలర్లు. రసీదు ఉంది, అడగను.

అక్కడ ఎర్విన్ ప్రోహాస్కా అని ఒక కుర్రాడు.
కుర్రాడేం లెండి, ఇరవై తొమ్మిది.
చలికాలమంతా నెబ్రాస్కాలో
రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతాడట.
దాచను, మొదటిసారి మూడు బంతులకీ గాలినే కొట్టాడు.
రెండోసారి ఏడు ఫౌళ్ళు కొట్టి, కొట్టి,
పిచర్‌కి విసుగు పుట్టించి, నింపాదిగా నడిచి వెళ్ళాడు.
మూడోసారి నేను కళ్ళు మూసుకున్నాను.

గోడ వెనక బతికినవాణ్ణి కదా,
నాకు బంతి కనపడకముందే వినపడుతుంది.
మనవాళ్ళ బ్యాట్లు ఈ ఏడు
తలుపు సందులో వేలు నలిగినట్టు మూలుగుతున్నాయి.
అతని బ్యాటు
మార్చి నెలలో సరస్సు మీద మంచు పగిలినట్టు
ఒక్కసారే, మళ్ళీ చెప్పనన్నట్టు.
కళ్ళు తెరిచేసరికి బంతి లేదు.
పార్కింగులో ఎవరిదో కారు అలారం మోగుతోంది.

కాళ్ళు బరువంటారు మీ మనుషులు.
గోడ దాటిన బంతికి పరుగు తొందరేముంది?
కర్వ్ బంతికి తడబడతాడంటారు.
మనవాళ్ళు తిన్నగా వచ్చినదానికే తడబడుతున్నారు.
వయసు మీరిందంటారు.
పద్నాలుగు ఓటముల్లో నేనెంత మీరానో
నన్నడగండి.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని
ఎవరన్నారో గానీ
రోగం ముదిరాక కూడా మీరు
పొరుగూరి కషాయానికే కోట్లు పోస్తున్నారు.
ఆ ఫస్ట్ బేస్ పెద్దమనిషి ఒప్పందం
ఇంకా నాలుగేళ్ళుందని ఆడిస్తున్నారు కదూ?
కొన్నందుకు పాడైన పాలు తాగుతామా, చెప్పండి.

ఆట అయ్యాక చూశాను అతన్ని,
బస్సు మెట్టు మీద కూర్చుని
వేరుశనగ ముద్ద పూసిన రొట్టె తింటున్నాడు.
తక్కినవాళ్ళు ఫోన్లు జేబుల్లో వేసుకున్నారు.
అతనిది మాత్రం మోకాలి మీద,
తెర పైకి ఉండేలా.
మోగితే రెండో మోతకే ఎత్తేటట్టు.
నేను ఏమీ మాట్లాడలేదు. బాగా కొట్టావన్నాను, అంతే.
ఆశ పెట్టే ఉద్యోగం నాది కాదు, మీది.

ఇంకొక్క మాట, మీకు పనికొస్తుందో లేదో.
మా చీకటి గదిలో
నాలుగు దాటిన అంకెల రేకులన్నీ కొత్తవిలా ఉన్నాయి.
మే నెలలో ఒక పిచ్చుక వచ్చి
ఏడు అంకె వెనక గూడు పెట్టింది.
ఏడుతో మనకు పనుండదని
దానికి ఎవరు చెప్పారో.
నేనూ కదిలించలేదు.
ఆ అవసరం రాలేదు.

పిల్లలు నిన్న పొద్దున ఎగిరిపోయాయి.
రేకు తుడిచి పెట్టాను.