నిలువులోతు

ఓరెస్ట్, నీ బండి మంచిదే.
యార్క్‌టన్ చుట్టూ చదును చేసిన బాటల మీద
పదమూడేళ్ళు బుద్ధిగా పరిగెత్తింది.
అక్కడ మంచంటే నేల మీద పరిచిన దుప్పటి.
ఇక్కడ, రెవెల్‌స్టోక్ పైన,
మంచుకి లోతే ఉంది, నేల లేదు.
మోకాలిలోతు, మొలలోతు, పీకలోతు.
ఆ తర్వాతి మాట నా షాపులో ఎవరూ పైకి అనరు.

ముందు ట్రాక్ విప్పాను.
దాని పళ్ళు పాలపళ్ళు.
పొడిమంచులో అవి దేన్నీ కరిచిపట్టలేవు,
ఉన్నచోటే గుంట తవ్వుకుని కూర్చుంటాయి.
కొత్తది పొడుగు, పళ్ళు మూడువేళ్ళ ఎత్తు.
పాతదానికున్న ఇనప మేకులు గడ్డకట్టిన చెరువులకి,
డబ్బాలో పోసిచ్చాను, ఇంటికి తీసుకుపో.
స్కీలు రెండూ జానెడు దగ్గరికి జరిపాను.
కాళ్ళు బార్లా చాపినవాడు వాలులో పక్కకి ఒరగలేడు.

పైన గాలి పలచన, ఇంజిన్‌కి ఆకలి మందగిస్తుంది:
చిన్న జెట్ వేశాను. క్లచ్ బరువులు తగ్గించాను.
పై పళ్ళచక్రం మార్చాను. వేగం పోతుంది. పోనీ.
విండ్‌షీల్డ్ తీస్తుంటే మాత్రం నీ మొహం చూశాను.
దాని మీద డారియా అంటించిన గోధుమకంకి.
వేడిగాలి పట్టి, గోటితో మెల్లగా లేపి
సీటు వెనక రేకుకి అతికించాను.
ఒక గింజ ముడతపడింది, ఏమనుకోకు.

హ్యాండిల్ బెత్తెడు పైకి లేపాను.
ఇక నువ్వు కూర్చోవు.
సీటు శాండ్‌విచ్ తినేటప్పటికి.

ఇల్లలకగానే పండగ కాదు.
బండి అయింది, మనిషి మిగిలాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి.
షాపు వెనక దిబ్బ మీద
రెండు కాళ్ళూ ఎగువ పక్క బల్ల మీదే పెట్టు,
ఒళ్ళు కొండవైపు వాల్చు, హ్యాండిల్ లోయవైపు తిప్పు.
బుద్ధి ఒప్పుకోదు.
దాన్ని షెడ్డులో వదిలిరా అన్నాను.
తొమ్మిదిసార్లు పడ్డావు.
పదోసారి పడలేదు, గడ్డం నిండా మంచుతో
ఎవరూ చూడట్లేదనుకుని నవ్వావు.

బీకన్ గుండెకి కట్టుకో, కోటు లోపల.
ఫోన్ దానికి దూరంగా పెట్టు.
పార, గుచ్చే కడ్డీ నీ వీపు మీద ఉండాలి,
బండి మీద కాదు.
బండి ఎటు పోతుందో నీకు చెప్పి పోదు.

రెండో బీకన్‌ని రొట్టె సంచిలో చుట్టి
పెరట్లో పాతిపెట్టాను. వెతుకు.
మొదటిసారి పద్నాలుగు నిమిషాలు.
అప్పటికి కిందున్నవాడికి తొందరేమీ ఉండదు.
రెండోసారి తొమ్మిది.
మూడోసారి మూడే! పొంగిపోయాను,
ఆ చోటు మీదే కూర్చుని తోకాడిస్తున్న
నికెల్‌ని చూసేదాకా.
కుక్కని కట్టేశాను. మళ్ళీ.
చీకటి పడింది. మళ్ళీ.
"పేరు పెట్టి పిలుస్తూ తవ్వాలా?" అన్నావు.
పిలవకు. తవ్వు.
నేనొకసారి పిలుస్తూ కూర్చున్నాను.

నాలుగు నిమిషాలకి సంచి బయటికొచ్చింది.
సంచి మీద మంచు దులిపి
ఎందుకో దాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకున్నావు.

గురువారం పొద్దున, అడవి దాటి పైకెక్కాక,
మన కింద మంచు ఒక్కసారి కుంగింది.
చెవికి కాదు, కడుపుకి వినిపించే చప్పుడు.
దాని గురించి నీకు చెప్పనే లేదు నేను,
ఎలా చెప్పాలో తెలీక.
నువ్వే చెయ్యెత్తావు.
వచ్చిన జాడలోనే బండి తిప్పావు,
శిఖరం అంత దగ్గర్లో, అంత ఎండలో ఉండగా.

బిల్లు రాస్తున్నాను:
ట్రాక్, చక్రం, జెట్లు, ఏడు గంటల పని.
ఆ తిప్పడం ఏ గడిలో రాయాలో తోచక
అడుగున ఇంకో పద్దు వేశాను:
కుక్కకి బిస్కెట్లు, ఒక పొట్లం.
వెళ్ళేముందు నువ్వే పెట్టు.