పదకొండో పెట్టె

అయనావరంలో మా కొట్టు వెడల్పు
రెండు బారలు, అంతే.
సీలింగు ఫ్యాన్లు, మిక్సీలు, బోరు మోటార్లు
కాలిపోయినవన్నీ ఒకే వాసనతో వస్తాయి.
తీగ మీది లక్క మాడిన ఆ వాసన
ఆదివారం కూడా నా జాకెట్టు చేతుల్ని వదలదు.

డెస్మండ్ గారు తెచ్చింది మాత్రం మూరెడు ఇంజను.
ఇత్తడిది.
తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకొచ్చాడు,
పక్కింటి కోడిని దాచి తెచ్చినట్టు.
"ఇంతకంటే పెద్ద మోటారు వెయ్యి, ధనకోటమ్మా."

ముప్పై ఒక్క ఏళ్ళు నిజం రైళ్ళు నడిపిన మనిషి.
ఆయన తెలుగు గూడూరు ప్లాట్‌ఫారం మీద నేర్చింది,
ప్రతి మాటా బయల్దేరే ముందు కాస్త వెనక్కి జరుగుతుంది.

విప్పాను.
బ్రష్షులు అరిగి మినప బద్దంత మిగిలాయి.
రాగి బిళ్ళల సందుల్లో బొగ్గు పొడి.
వెదురు పుల్ల స్పిరిటులో ముంచి ఒక్కో సందూ గీకాను.
ఊదకూడదు, నోటి తడి తగులుతుంది.
కుట్టుమిషను నూనె, గుండుసూది మొన మీద నిలిచేంత,
ఇరుసు చివర మాత్రమే.
ఎక్కువైతే జారి బ్రష్షుల్లోకి చేరి బురదవుతుంది.
నాన్న ఈ మాట చెప్పినప్పుడల్లా
మా చుట్టాల గురించి అనుకునేదాన్ని.

మోటారు తిరిగింది, సన్నగా, ఈగలా.
"దీనికేం రోగం లేదు సార్. రైలు చూపించండి."

పెరంబూరులో, మిద్దె మీద,
నీళ్ళ ట్యాంకు చుట్టూ పట్టాలు. పద్నాలుగు పెట్టెలు.
ఒకటి ఎత్తితే మణికట్టు వంగింది.
లోపల సీసం గుళ్ళు, కాశిమేడులో వలలకి కట్టేవి,
కిలోల లెక్కన కొన్నాడట.
"బరువు లేకపోతే అతుకుల మీద ఆ చప్పుడు రాదు."
ఏ చప్పుడని అడగనివ్వలేదు,
పిట్టగోడ మీద వేళ్ళతో వాయించి చూపించాడు.
టక టక్. టక టక్.
బేసిన్ బ్రిడ్జి మీద వేరేగా, ఇలా.

అమ్మీటరు పెట్టాను.
చదునులో ముల్లు ఓర్చుకుంది,
ట్యాంకు వెనక ఎత్తులో చివరికంటా పోయి వణికింది.
ఆపి, మోటారుకి అరచేతి వెనక తాకించాను.
అదే క్షణం ఆయనా చెయ్యి చాపాడు,
అరచేతి వెనకే.
"ఇరుసు వేడి మేమూ ఇట్లానే చూస్తాం."

పెట్టెలు విడదీసి, వాలు పలక మీద ఒక్కోటే వదిలాను.
పది వాటంతటవే దిగాయి.
పదకొండోది కదల్లేదు.
ఇరుసుకి నైలాను పోగు, దండెం మీది చీరది కాబోలు,
అరవై డెబ్బై చుట్లు.
నేను చుట్టినా అంత బిగువు రాదు.
ఎన్నాళ్ళుగా ఈడ్చుకొస్తోందో,
చక్రం ఒక పక్క అరిగి చదునైంది.
ముందున్న ఇంజను
ఎవర్ని తిట్టాలో తెలియక కాలుతూ వచ్చింది.

గుళ్ళు తీసి బకెట్లో వేశాం.
వంపు కాస్త విప్పాం. ఎత్తు కిందనుంచి
రెండు క్యాలెండరు అట్టలు లాగేశాం.
గార్డు పెట్టె దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.
"దీన్లో ఉండనీ."
లెక్కకి అది తప్పే. నోరెత్తలేదు.

సాయంత్రం రైలు ఎత్తెక్కింది, ముల్లు సగంలోనే ఆగింది.
చప్పుడు పలచబడింది.
చివరి పెట్టె ఒక్కటే ఇంకా టక టక్ అంటోంది.
ప్రతి చుట్టుకీ దానికోసం
ఆయన చెవి వంచి కాచుకున్నాడు.

బకెట్టు నేనే దించాను, మూడంతస్తులు.
రెండో మలుపులో దాన్ని కింద పెట్టి
నా భుజానికి చెయ్యి ఆనించాను,
అరచేతి వెనక.
వేడిగానే ఉంది.