వద్దన్నోళ్ళ పేజీ

గ్రీమ్స్‌పేటలో బెల్లం కొట్టు మిద్దెపైన మా ఆఫీసు.
మెట్లెక్కేసరికి చెప్పులకు పాకం అంటుకుంటుంది.
అక్కడ కూచుని నేను రాసిన వాక్యం ఒకటి
పన్నెండు వేల ఫోన్లలో కనబడుతుంది:
"మీ బ్యాంకు ఖాతా, మీ ఫోన్లోని పేర్లు చూడటానికి
ఈ యాప్ మీ అనుమతి కోరుతోంది."
కింద రెండు బటన్లు.
పచ్చది పెద్దది. బూడిదరంగుది చిన్నది.
అంత చిన్నగా ఎందుకని
ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

జూన్లో దామలచెరువు పంపించారు,
రైతుల చేత పచ్చది నొక్కించుకుని రమ్మని.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టర్ల వరస.
తోతాపురి కాయ ఎండకు వేడెక్కి
పులుపూ కాని తీపీ కాని ఒక వాసన.
ట్రాలీ కింద నీడలో మొగిలప్ప,
చేతిలో టోకెన్, నూట నలభై రెండు.
రెండు రాత్రులుగా అదే అంకె.

ఫోన్ దూరంగా పట్టుకుని చదివాడు,
అక్షరం అక్షరం, నేను రాసిందంతా.
దాన్ని పూర్తిగా చదివిన మనిషిని
అంతకుముందు నేను చూడలేదు.

"బ్యాంకు లెక్క సరే, అప్పిచ్చేవాడు చూడాల గదా.
పేర్లన్నీ ఎందుకబ్బా వానికి?
మా వియ్యంకుని నంబరు తీసుకోని ఏం జేస్తాడు?"

దానికి జవాబు లేక వేరేది చెప్పాను:
పాస్‌వర్డు మాకు ఇవ్వక్కర్లేదు మామా,
మిమ్మల్ని బ్యాంకు గుమ్మం దాకా మేమే పంపిస్తాం,
మీరు ఊఁ అంటే వాళ్ళు మాకొక టోకెన్ ఇస్తారు,
దానికి గడువుంటుంది...

"టోకెనా!" అని నవ్వి
తన చీటీ తిప్పి చూపించాడు.
"గడువు దీనికీ ఉండాది. కాయకీ ఉండాది.
ఏది ముందు అయిపోతాదో చూస్తా కూచోనుండా.

ఇను. పక్క చేను గుర్రప్ప నీళ్ళడిగితే
మోటారు షెడ్డు తాళంచెవి ఇయ్యను నేను.
నేనే పోయి ఏస్తా, నాలుగు గంటలు.
మళ్ళా నేనే పోయి ఆపేస్తా.
నీ దాంట్లో ఆపేసేది యాడుండాది, చూపీ."

ఉంది.
సెట్టింగుల్లో ఐదో తెర లోపల,
దొరక్కూడదన్నట్టు.
నాకే దొరకలేదు.

అతను బూడిదరంగుది నొక్కాడు.
తెర ఒక్క క్షణం తెల్లబోయి
మళ్ళీ అదే ప్రశ్న వేసింది.
మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే.
"చెవుడా దీనికి?"

చెవుడు కాదు.
వద్దంటే ఎక్కడికి పోవాలో
నేను దానికి చెప్పలేదు.
అవునుకు వెనక పదకొండు పేజీలు,
కాదుకు వెనక
మళ్ళీ అడగటం.

ఆ రాత్రి ఆఫీసులో
పేర్లు అడిగే వరసను కొట్టేశాను.
పొద్దున హేమసుందరం సార్ అరుస్తాడు, అరవనీ.
తర్వాత వద్దన్నోళ్ళ కోసం పేజీ మొదలుపెట్టాను.
క్షమించమని రాసి చెరిపేశాను.
ఒక మంచి అవకాశం పోగొట్టుకుంటున్నారని రాశాను,
చేతికి అలవాటు. అదీ చెరిపేశాను.
మూడు గంటలకు మిగిలింది
"సరే. మీ ఇష్టం."
కింద బటనేమీ పెట్టలేదు.

నూట నలభై రెండును పిలిచారో లేదో తెలీదు.

తెల్లారి కింద కొట్టు తలుపులు తీశారు.
ఎవరో దిమ్మె మీంచి చిన్న పెళ్ళ విరిచి
నోట్లో వేసుకుని, కాసేపు ఊరుకుని,
వద్దులే అన్నారు.
కొట్టాయన మారు మాట్లాడకుండా
చేతులు దులుపుకున్నాడు.