ఐదు చుక్కలు

నైరోబీలో వాన. న్గాంగ్ రోడ్డు పొడుగూతా
బ్రేకు దీపాల ఎర్రటి బారు.
ముసెంబి లోపలి అద్దం తుడిచి అడిగాడు:
"నీ ఫోన్లో ఎంత చూపిస్తోంది?"
మూడొందల పది షిల్లింగులు, అన్నాను.
నవ్వి, సీటు సంచిలోంచి
ప్లాస్టిక్ తొడిగిన కాగితం తీయమన్నాడు.
డ్రైవర్లే కూర్చుని రాసుకున్న రేట్లట.
అదే దూరానికి అందులో ఐదొందల ఇరవై.

"నాన్న టాక్సీకి పసుపు గీత ఉండేది.
హోటల్ గుమ్మం ముందు నిలబెట్టేవాడు, బేరం నోటితోనే.
గిట్టకపోతే దిగమనేవాడు.
నాకా నోరు లేదు.
ధర కట్టేవాడి మొహమైనా ఎరగను."

గేరు కర్ర మీద వేలితో తడుతూ లెక్క చెప్పాడు.
పెట్రోలుకింత, కంపెనీ కోతకింత,
సోమవారం వస్తే బండి అప్పుకి.
మిగిలిందెంతో చెప్పలేదు.
మీటరు పక్కన సగం కొరికిన చపాతీ,
పొద్దుటిదో, నిన్నటిదో.

కిలిమానీలో దిగాను.
ఐదొందల ఇరవై ఇచ్చానని రాయాలని ఉంది.
నాలుగొందలిచ్చాను.
"అసాంతే" అన్నాడు, నా సిగ్గు దాచడానికన్నట్టు.

మెట్లెక్కుతుంటే ఫోను గునిసింది:
ప్రయాణం ఎలా జరిగింది? చుక్కలు ఇవ్వండి.
ఐదూ నొక్కేశాను. వాటికి డబ్బులడగరుగా.

పైన మబ్బు పట్టి ఒక్కటీ లేదు.
అతనికి పట్టపగలే కనిపిస్తున్నవి
ఇంకో ఐదు, నా చేతి మీదుగా.

సందు చివర అప్పటికే
ఎవరి పిలుపో అందుకున్నాడు.
ఒక వైపరే ఆడుతోంది, డ్రైవరు వైపుది.